పిడికిలి ఆనే ఎత్తు

నా కుడి చెయ్యి ఇప్పుడు భుజం దాకా కూడా లేవదు. జాకెట్టు తొడుక్కోవాలంటే ముందు ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని లోపలికి దూర్చాలి. తర్వాతే మిగతాది. కొప్పు నేను వేసుకోలేను. కోడలు వేస్తుంది. పనికి పోయే తొందరలో వేస్తుంది కాబట్టి పొద్దెక్కేసరికే జారిపోతుంది. చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఏళ్లు బాలింతల ఒళ్లు, పసిపిల్లల కాళ్లు, నాట్లేసి వచ్చిన ఆడవాళ్ల నడుములు రుద్దిన చెయ్యి ఇది. నలభై ఏళ్లలో దీనికేమీ కాలేదు. మొయినాబాద్ పక్కన ఒక బల్ల దగ్గర రెండేళ్లు నిలబడితే పోయింది. అదెట్లా పోయిందో రాస్తున్నాను. తప్పులో నా వాటా ఎంతో కూడా రాస్తాను, దాచేదేమీ లేదు.

నేను పొట్టిదాన్ని. బస్సులో నిలబడినవాళ్లు పట్టుకునే పై కడ్డీ నాకు ఎన్నడూ అందలేదు. మాలిష్ పనిలో మాత్రం అది లోటు కాలేదు, ఎందుకంటే మా పని నేల మీద. చాప పరిచి, పైన పాత బొంత వేసి, మనిషిని బోర్లా పడుకోబెట్టి, పక్కన కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని. ఒక పాదం గోడకు తన్నిపెట్టేదాన్ని. గోడ నన్ను తోసేది, నేను మనిషిని తోసేదాన్ని. బలం చేతిది కాదు, కాలిది, నడుముది. ఏ ఇంటికి పోయినా ముందు గోడ చూసుకునేదాన్ని. గోడకు ఆనించి బియ్యం బస్తాలుంటే జరిపించేదాన్ని. ఈమెకు నూనె కంటే ముందు గోడ కావాలట అని ఇంటివాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేదాన్ని. వాళ్ల నడుములు బాగయ్యాక ఎవరూ నవ్వలేదు.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మహిళా సంఘంలో నేను వేలిముద్ర వేసిన కాగితాన్ని నా తర్వాత సంతకం చేసే ఒక పడుచు సిరా అంటకుండా కొసన పట్టుకునేది. అది చూసి నేర్చుకున్నాను. తెలుగు చదువుతాను, మెల్లగా రాస్తాను. ఇంగ్లీషు రాదు. అంకెలు అంతకుముందే వచ్చు.

చేవెళ్లలో కిరాణం, బట్టల దుకాణం ఉన్న ఒక ఇల్లుంది. ఆ ఇంటి కోడలికి రెండు కాన్పులకూ నేనే మాలిష్ చేశాను. ఇద్దరు పిల్లలకూ నీళ్లు పోశాను. కాన్పయ్యాక ఆమె లేచి కూర్చోలేకపోతే నా భుజం పట్టుకునే లేచేది. ఎవరు పనిమనిషి, ఎవరు యజమాని అన్న తేడా ఆమె చూపలేదు. నాకూ బిడ్డ లెక్కే అనిపించేది, బిడ్డా అనే పిలిచేదాన్ని. పిల్లలు పెద్దయ్యాక ఆమెకు ఇంట్లో తోచలేదు. మొయినాబాద్ నుంచి చిల్కూరు వైపు పోయే దారిలో వాళ్లకు జామతోట ఉండేది. అందులో పెంకులతో ఒక చక్కటి ఇల్లు కట్టించి, ఆడవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టి, మాలిష్ సెంటర్ తెరిచింది. శని, ఆదివారాలు పట్నం నుంచి కార్లు వచ్చేవి. తెరవకముందే మా ఇంటికి వచ్చి, నువ్వు లేకుంటే నేను ఇది పెట్టనే పెట్టను అవ్వా అన్నది. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ ఆనాడు నచ్చింది.

పోయిన మొదటి రోజే ఒక సంగతి చెప్పింది. ఇంటి దగ్గర బిడ్డా అను గానీ ఇక్కడ అందరి ముందు మేడం అనమని. సరే అన్నాను.

నాతోపాటు ఇద్దరు అమ్మాయిలు చేరారు. చందనవెల్లి కంపెనీలో డబ్బాలు సర్దే పని మానేసి వచ్చినవాళ్లు. మాలిష్ అంటే ఏమిటో తెలియదు వాళ్లకు. ఇద్దరూ పొడుగు, అందులో ఒకతె మరీ పొడుగు. మాలిష్ బల్లలు మూడు వచ్చాయి, అట్టపెట్టెల్లో మడిచి. కర్ర కాళ్లు, మీద నల్లటి మెత్త, ముఖం పెట్టుకోవడానికి ఒక చివర గుండ్రటి బొక్క. వాటిని వేయడం, వాడటం నేర్పడానికి పట్నం నుంచి ఒక ట్రైనర్ వచ్చింది.

మేడం నన్ను అడిగింది. అడిగిందనేది దాచను. జర కూసుంటవా అవ్వా, ఆమె ఏం చెప్తదో వింటవా అన్నది.

"నాకేం నేర్పుతది బిడ్డా ఆమె? ఆమె పుట్టకముందు కెల్లి చేస్తున్న నేను."

అందరూ నవ్వారు. ట్రైనర్ కూడా నవ్వింది. నేను గెలిచినట్టు అనిపించింది. వంటింట్లోకి పోయి అందరికీ చాయ్ పెట్టాను. కిటికీలోంచి చూస్తే ఆ ట్రైనర్ అమ్మాయిలిద్దరినీ బల్ల పక్కన నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వేలాడదీయించి, పిడికిళ్లు పట్టించి ఏదో చూస్తోంది. తర్వాత కిందికి వంగి బల్ల కాళ్ల దగ్గర ఏదో తిప్పింది. బడిలో పిల్లలతో కసరత్తు చేయించినట్టుంది. నేను చాయ్‌లో చక్కెర కలుపుతూ నాలో నేను నవ్వుకున్నాను. నా భుజం పోయింది ఆ పూటే. తెలియడానికి రెండేళ్లు పట్టింది, అంతే.

ట్రైనర్ వెళ్లాక మేడం మూడు బల్లలనూ ఆ మరీ పొడుగు అమ్మాయి ఎత్తుకు పెట్టించింది. వాకిట్లో అద్దం తలుపు ఉంది. అక్కడ నిలబడి చూస్తే మూడు బల్లల మీది తెల్ల దుప్పట్లు ఒకే గీతలా కనిపించాలని ఆమె కోరిక. గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, ఆ గీత చూసుకునేది. దుకాణంలో బట్టల తాన్లు ఒక వరసలో సర్దించే అలవాటున్న ఇల్లు కదా. ఏ బల్లైనా కొంచెం వంకర అనిపిస్తే అటు జరుపు, ఇటు జరుపు అని సతాయించేది.

నాకిచ్చిన నడిమి బల్ల నా పక్కటెముకల దాకా వచ్చేది. దాని మీద మనిషి పడుకుంటే, ఆ మనిషి వీపు సరిగ్గా నా గుండెలకు ఎదురుగా ఉండేది. ఇంకా లావుపాటి ఆమె అయితే గడ్డం దాకా. కింద గోడ లేదు, కాలు తన్నే చోటు లేదు. వీపు మీద బరువు వేయాలంటే పైనుంచి వేయాలి కదా, నేను మనిషికి పైన లేను. భుజాలు చెవుల దాకా ఎగేసి, మోచేతులు బయటికి పెట్టి, ఒట్టి చేతులతో నెట్టేదాన్ని. పిండి గిర్నీలో ఎత్తు మీద పెట్టిన డబ్బాలోకి చెయ్యి ముంచి పిండి తోడినట్టు ఉండేది.

బల్ల ఎత్తు తగ్గుతుందని నాకు తోచనే లేదు. ఎట్లా తోస్తుంది? మా ఇళ్లలో మంచం ఉంటుంది. మంచం కాళ్లు ఎంత ఉంటే అంతే. పొట్టిది వచ్చిందని మంచం కాళ్లు ఎవరైనా తగ్గిస్తారా? అందనిదానికి మనం ఎక్కాలి, లేదంటే వంగాలి. పుట్టినకాడి నుంచి నేను చేసింది అదే. కాబట్టి ఎక్కడానికి ఇంటి నుంచి పీట తెచ్చుకున్నాను. చేవెళ్ల బస్సులో ఒళ్లో పెట్టుకుని, మొయినాబాద్‌లో దిగి, ఆటోలో పెట్టుకుని తీసుకుపోయాను.

పీట మీద రెండు వారాలు బాగానే నడిచింది. మేడంకు మాత్రం నచ్చలేదు. పీట మీద కూసుంటరు గానీ నిలబడ్తరా ఎవలన్న, అది మంచిది కాదు అన్నది. లక్ష్మీదేవికి కోపం వస్తుందని కూడా అన్నది. నా కాళ్లు కడిగినవే, ఆ తల్లి చూసుకుంటుందిలే అన్నాను. తర్వాత ఒకనాడు పీట మీద నూనె చుక్కలు పడి ఉన్నాయి, నేను చూసుకోలేదు. కాలు జారింది. కింద పడకుండా ఆనుకుంటే నా మోచెయ్యి పడుకున్న ఆమె వీపులో దిగింది. పట్నం ఆమె. లేచి కూర్చుని దుప్పటి చుట్టుకుని, నా వైపు చూడకుండా మేడంను పిలిపించింది. ఆ సాయంత్రానికి నా పీట వంటింట్లో గ్యాస్ సిలిండర్ పక్కకు చేరింది. కూరగాయలు తరగడానికి కూర్చునేందుకు పనికొచ్చింది.

తర్వాత వేళ్ల మీద లేచి చేశాను. కాళ్ల పిక్కలు గుంజేవి. ఆ అమ్మాయిలిద్దరూ హాయిగా పని చేసుకునేవారు. వాళ్లకు వేళ్లలో నా పనితనం లేదు, వీపు మీద ఎక్కడ ముడి ఉందో కూడా తెలియదు. అయినా సాయంత్రానికి నేను అలిసినంత వాళ్లు అలిసేవాళ్లు కాదు. వయసు అనుకున్నాను. అందరూ అదే అన్నారు. ముసలిదానివైనవ్ అవ్వా, జర పైలం అని పొడుగు అమ్మాయి నవ్వేది. నువ్వు పుట్టినప్పుడే నేను ముసలిదాన్ని, నీ నడుం ఎట్లున్నదో నీ మొగుణ్ని అడుగుపో అనేదాన్ని. పకపకా నవ్వేవాళ్లు. నవ్వుతూనే ఉన్నాము. భుజంలో నొప్పి మొదలైంది.

మొదట పని చేసేటప్పుడే నొప్పి. తర్వాత బస్సులో కూడా. తర్వాత పక్క మీద అటు తిరిగితే. అప్పటికి రెండో వానాకాలం నడుస్తోంది. జోరు వాన, కార్లు రాలేదు. తువ్వాళ్లు సర్దుతుంటే అల్మారా అడుగున దుమ్ము కొట్టుకుని ఒక చిన్న పుస్తకం దొరికింది. బల్లలతో పాటు పెట్టెలో వచ్చింది. ఇంగ్లీషు, హిందీ. నాకు రెండూ రావు. పేజీలు తిప్పితే బొమ్మలున్నాయి. మొదటి బొమ్మలో ఒక మనిషి బల్ల మీదికి బాగా వంగి ఉన్నాడు, పక్కన తప్పన్నట్టు అడ్డగీతల గుర్తు. రెండో బొమ్మలో బల్ల ఎత్తుగా ఉంది, ఆ మనిషి భుజాలు చెవుల దగ్గరున్నాయి, మళ్లీ అడ్డగీతలు. మూడో బొమ్మలో బల్ల పక్కన నిటారుగా నిలబడి, చెయ్యి వదులుగా కిందికి వేసి, పిడికిలి పట్టాడు. పిడికిలి కణుపులు బల్లకు ఆనుతున్నాయి. పక్కన సరైనదన్న గుర్తు.

రెండో బొమ్మలో ఉన్నది నేనే.

కిటికీలోంచి చూసిన కసరత్తు అప్పుడు అర్థమైంది. కింద కూర్చుని బల్ల కాలు చూశాను. రోజూ నేను తుడిచే కాలే. దానికి వరసగా బెజ్జాలు, ప్రతి బెజ్జం పక్కన ఒక అంకె. అంకెలు నాకు వచ్చు కదా, రెండేళ్లు రోజూ చూశాను. కంపెనీవాళ్లు ఏదో లెక్క కోసం వేసుకున్నారు అనుకున్నాను. ప్రతి కాలికీ రెండు మరలు, చేత్తో తిప్పేవే. అమ్మాయిలు కునుకు తీస్తున్నారు, నేనే తిప్పాను. ఒకవైపు కాళ్లు ముందు దించితే బల్ల పక్కకు ఒరిగింది. దాన్ని ఎడమ భుజంతో ఆపి రెండో వైపు దించాను. చెమటలు పట్టాయి. లేచి పక్కన నిలబడి చెయ్యి కిందికి వదిలాను. పిడికిలి పట్టాను.

ఆనింది.

ఆ మధ్యాహ్నం వాన తగ్గాక శంకర్‌పల్లి వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, నడుము పట్టేసి. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి వేసి వంగితే, నా బరువు మడమ నుంచి లేచి నడుము మీదుగా అరచేతుల్లోకి దిగింది. గోడ లేకుండా. చేతులు మోయాల్సిన పనే లేదు. టీచరమ్మ నిద్రపోయింది. నాకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. ఇంత చిన్న పని. ఎనిమిది మరలు. రెండేళ్లు.

మరునాడు పొద్దున మేడం వచ్చి అద్దం తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అవ్వా, గీ టేబుల్ ఎవలు దించిన్రు?"

"నేనే."

"జర అడగద్దా? చూడు గిట్లకెల్లి. నడుమ గుంత పడ్డట్టు కనబడుతున్నది."

గుంత కాదు, నాకు అందేది ఆ ఎత్తే అని చెప్పాను. పుస్తకం తెచ్చి బొమ్మలు చూపించాను. చూసింది. చూసి, ఆదివారం ఫొటోలు తీసేవాళ్లు వస్తున్నారు, అప్పటికి మూడూ ఒక్క తీరు ఉండాలన్నది. ఫొటోలయ్యాక దించుకుంటానన్నాను. ఊకె లేపుడు దించుడు చేస్తే మరలు ఖరాబైతాయన్నది.

"మరలకు ఫికర్ చేస్తున్నవ్. నా భుజం సంగతి?"

ఆమె పుస్తకం మూసి నా చేతికిచ్చింది. తర్వాత మెల్లగా అన్నది, కోపంగా కూడా కాదు.

"ఆ దినం నేర్చుకో అవ్వా అంటే నువ్వే వద్దన్నవ్. రెండేండ్లు గదే ఎత్తుల చేసినవ్. ఒక్కనాడన్న అడిగినవా నన్ను?"

అడగలేదు. ఆమె పొడుగు అమ్మాయిని పిలిచి బల్ల లేపమన్నది. ఆ పిల్ల నా మొహం చూడకుండా లేపింది. నిమిషంలో అయిపోయింది.

ఇక్కడ రాయబోయేది నాకు చేదుగా ఉంటుంది. ఆనాడే పని మానేసి ఉంటే చెయ్యి దక్కేదేమో. మానలేదు. ఇంకా నాలుగు నెలలు ఆ ఎత్తులోనే చేశాను. ఇప్పుడు తెలిసి చేశాను. మళ్లీ అడగలేదు. ఒకసారి జవాబు లేక నిలబడినచోట రెండోసారి నోరు రాలేదు. ఇంకో భయం కూడా ఉంది. భుజం నొస్తుందని గట్టిగా చెబితే, ముసలిది ఇక పనికిరాదు అంటారని. పని లేకపోతే నేను ఎవరిని? చేవెళ్లలో నన్ను పేరుతో కాదు, మాలిష్ అవ్వ అని పిలుస్తారు. అందుకని నొప్పి దాచాను. జెండూబామ్ వాసన వస్తుందని అది కూడా మానేసి, వేడి ఉప్పు మూట పెట్టుకునేదాన్ని. కుడిచేతి పని సగం ఎడమ చేత్తో లాగించేదాన్ని. కస్టమర్లకు తెలియలేదు. పని బాగుందనే అన్నారు.

ఒక ఆదివారం, పడుకున్నామె మెడ మీద నుంచి చెయ్యి భుజం దాటించబోతే చెయ్యి రాలేదు. మధ్యలో ఆగిపోయింది. మనసు లేపుతోంది, చెయ్యి లేవడం లేదు. కింద పడుకున్నామె, అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను.

చేవెళ్ల దవాఖానలో డాక్టరు పిల్లగాడు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. భుజం బిగుసుకుపోయిందన్నాడు. ఏం పని చేస్తావని అడిగి, చెప్పాక, ఎంత ఎత్తు మీద చేస్తావని అడిగాడు. నా జన్మలో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. పక్కటెముకల దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. అతను కాగితం మీద రాస్తున్నవాడు ఆపి నా వైపు చూశాడు. గోడ మీద వేళ్లు పాకించమన్నాడు, రోజూ కొంచెం కొంచెం పైకి. ఏడాది పట్టొచ్చు, అయినా మునుపటిలా బరువు పని మాత్రం వద్దన్నాడు.

మేడం ఇంటికి వచ్చింది. పండ్లు తెచ్చింది. వచ్చి నా పక్కనే మంచం మీద కూర్చుంది, వెనకటిలాగా. పని చేయనక్కర్లేదు, వాకిట్లో కుర్చీ వేయిస్తా, మంచి నేత చీర కట్టుకుని కూర్చో, వచ్చినవాళ్లకు మన పాత పద్ధతి గురించి రెండు మాటలు చెప్పు, వాళ్లకు గిట్లాంటివి బాగా ఇష్టం అన్నది. జీతం తగ్గించను అని కూడా అన్నది. నిజంగానే నాకు మేలు చేస్తున్నాననుకుంటోంది. అది మొహంలో కనిపించింది.

"టేబుల్ దించినవా?" అని అడిగాను.

"ఇప్పుడు నువ్వు టేబుల్ దిక్కు రానే అక్కర్లేదు గదా అవ్వా."

"అయితే నేను రాను."

"ఒక్క టేబుల్ కోసమా? ఇన్నేండ్ల సంబంధం మనది."

"నేను చేసేదాన్ని బిడ్డా. చెప్పుకుంట కూసునేదాన్ని గాదు."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు తిరగలేదు. పండ్లు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. మా కోడలు, ఆమె అంత మంచిగా మాట్లాడితే నువ్వెందుకు అట్లా అన్నావని నన్ను కోప్పడింది. ఇంట్లో ఒక మనిషి జీతం పోయింది కదా, కోడలి కోపమూ సరైనదే.

ఎండాకాలం దాటాక పొడుగు అమ్మాయి ఫోన్ చేసింది. భుజం ఎట్లున్నదని అడిగి, కాసేపు నసిగి, అసలు సంగతి చెప్పింది. నా స్థానంలో పట్నం నుంచి ఒకామె వచ్చిందట. సర్టిఫికెట్ ఉందట. పొట్టిదట, దాదాపు నా అంతే. మొదటిరోజు వచ్చి, బల్ల పక్కన నిలబడి, పిడికిలి పట్టి చూసుకుని, ఇది దించితేనే పని చేస్తానన్నదట. మేడం ఒక్క మాట అనకుండా దించమన్నదట.

"మరి గీత?" అన్నాను.

"ఏం గీత అవ్వా?"

"తెల్ల దుప్పట్ల గీత. తలుపుకాడికెల్లి చూసేది."

అదేదో తనకు గుర్తులేదన్నది. మధ్య బల్లను పక్క గదిలో వేశారట, అక్కడ కిటికీ కూడా ఉందట. ఆ కొత్తామె మంచిదేనా అని అడిగాను. మంచిదే, కానీ నీ చేతి గుణం లేదు అవ్వా అన్నది. చేతి గుణం గురించి నాతో ఎందుకే ఇప్పుడు అన్నాను.

ఆ కొత్తామె మీద నాకు కోపం లేదు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆమె పనితో పాటు అడగడం కూడా నేర్చుకుని వచ్చింది. నాకు నలభై ఏళ్ల పని వచ్చు, అది ఒక్కటి రాదు. ఎవరూ నేర్పలేదు అనడానికీ లేదు, నేర్పుతామన్న రోజు నేను చాయ్ పెట్టడానికి పోయాను.

ఫోన్ పెట్టేసి గోడ దగ్గరికి పోయి వేళ్లు పాకించాను. నా భుజానికి కొంచెం కిందుగా ఉన్న స్విచ్ బోర్డు దాకా పోయాయి. అక్కడ ఆగాయి.